ముప్పై ఒకటో స్తంభం

నవంబరు మొదటి వారంలో పోయింది ఆ దీపం.
రాతిగని దారిలో, గొర్రెల కంచె మలుపు దగ్గర,
ముప్పై ఒకటో స్తంభం. ఆ దారికి అదే ఆఖరిది.
కౌన్సిల్‌కి ఫోన్ చేశాను.
"నమోదు చేసుకున్నాం" అంది ఒక గొంతు.
ఆ గొంతు వెనక కూడా వాన పడుతోంది.

నాలుగింటికే చీకటి మా బ్లైనైలో.
పగలంటే ఏముంది,
రెండు రాత్రుల మధ్య ఎవరో వేసిన పలచని అతుకు.
బడి వంటింట్లో రెండొందల పళ్లేలు సర్ది వచ్చి
కుర్చీలో కూలబడితే
నా సాకులన్నీ వరసగా లేచి నిలబడతాయి.
అన్నీ కుంటి సాకులే,
అయినా పరుగులో ఎప్పుడూ నన్ను గెలుస్తాయి.
మడమ నొప్పి. ముసురు. రేపు చూద్దాంలే.
బూట్లింకా తడి ఆరలేదు.

బూట్లలో నిన్న కుక్కిన పత్రిక బయటికి లాగుతాను.
మరణవార్తలు, గొర్రెల ధరలు,
గాయక బృందానికి మంద్రస్వరం కావలెనన్న ప్రకటన,
అన్నీ ఉండచుట్టుకుని
నా పాదం ఆకారంలో ఉన్నాయి.
నిన్నటి వాననంతా అవే తాగేశాయి.
బూట్లు మాత్రం, పాడుబూట్లు,
కొంచెం ఆరి కూచున్నాయి.

సరే, దీపం బాగుచేశారేమో చూసొద్దాం.
అంతే. పరుగు కోసం కాదు.

వాన గట్టిగా పడితే మావాళ్లు
ముసలమ్మలూ చేతికర్రలూ కురుస్తున్నాయంటారు.
ఎందుకలా అంటారని చిన్నప్పుడు అడిగితే
"నిలబడి చూడు, నీకే తెలుస్తుంది" అంది అమ్మ.
ఆ వానలో నిలబడేదెవరు?
పరుగెత్తుతుంటే కొంత తెలిసింది.
ఒక్కొక్కరే దిగి, నెత్తిన కర్రతో ఒకటి వేసి,
"ఇంత చీకట్లో ఎక్కడికే?" అని అడిగి పోతారు.
జవాబు చెప్పడానికి ఊపిరి ఉండదు.

మొదటి మైలంతా నన్ను నేను తిట్టుకుంటాను.
రెండో మైల్లో కౌన్సిల్‌ని.
చేపలూ చిప్సూ అమ్మే కొట్టు దాటి
వెనిగర్ వాసన వెనకబడ్డాక
తిట్లు అయిపోతాయి.
ఇంక నా అడుగుల చప్పుడు,
పలకరాళ్ల గుట్టల మీంచి నీళ్లు జారే చప్పుడు,
ఏది ఏదో తెలియదు.
నుదుటి లైటు వెలుగులో గొర్రెల కళ్లు
ఆకుపచ్చగా, జతలు జతలుగా.
నన్ను చూసి కూడా నమలడం ఆపవు.

ఎమ్లిన్ బస్సు ఎదురొస్తే లైట్లు దించుతాడు.
జనవరిలో ఒకరోజు ఆపి, అద్దం జరిపి,
"ఎవరైనా తరుముతున్నారా, నెస్టా?" అన్నాడు.
"దీపం చూడ్డానికి పోతున్నా" అన్నాను.
బస్సులో ఉన్న ముగ్గురూ నవ్వారు.
ఆ మాట అదే బస్సెక్కి ఊరంతా తిరిగింది.
మర్నాటి నుంచి రొట్టెల కొట్టులో, పోస్టాఫీసులో,
"వచ్చిందా?"
"రాలేదు."
బళ్లో పిల్లలు పళ్లెం చాపి మరీ,
"వచ్చిందా, మిస్?"
ఎంత ముసురైనా, వెళ్లకపోతే
రేపు ఆ పళ్లేలకి ఏం చెప్పను?

ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం.
మలుపు ఇంకా తిరగనేలేదు,
రోడ్డు మీద పాలొలికినట్టు తెల్లగా.

వచ్చింది.

సంతోషం కలగాలి కదా.
ఇంట్లో దొంగలు పడ్డట్టు అనిపించింది.
స్తంభం కిందికి వెళ్లి ఆగాను,
ఈ చలికాలం మొత్తంలో మొదటిసారి.
ఆ వెలుగులో వాన కనిపించింది,
అమ్మ అన్నట్టే,
ఏటవాలుగా, సన్నగా, అన్నీ చేతికర్రలు.
ముసలమ్మలు మాత్రం లేరు.
ఈ చలికి ఇళ్లలో కూచుని ఉంటారు, తెలివైనవాళ్లు.

వీపు మీద చెమట చల్లబడుతోంది.
ముందు గని గేటు దాకా దీపాలు లేవు,
ఎప్పుడూ లేవు.
కౌన్సిల్ నంబరు నాకు కంఠతా వచ్చు.

ఆ గేటుకి తాళం వేశారో లేదో
చూసొద్దాం.